హైస్కూల్లో వెల్డింగ్: ఎంతవరకు నేర్పవచ్చు, ఎక్కడ ఆగిపోతుంది

సంక్షిప్తంగా: జాతీయ విద్యావిధానం 2020 తర్వాత వృత్తి విద్య ఆరో తరగతి దాకా దిగింది. వెల్డింగ్, మెటల్ ఫ్యాబ్రికేషన్ లాంటి పనులు బడిలో ఎంతవరకు ఇముడుతాయన్నది విద్యార్థి చేతికి దొరికే ప్రాక్టికల్ గంటలను బట్టి, ఏటా కొనాల్సిన రాడ్లూ ఇనుమూ కరెంటును బట్టి తేలుతుంది. కొలత, మార్కింగ్, కటింగ్, అమరిక బడిలో బాగానే నేర్పవచ్చు. చెయ్యి తిరిగిన వెల్డర్ తయారవడానికి కావాల్సిన సమయం మాత్రం బడి టైంటేబుల్లో లేదు.

తొమ్మిదో తరగతిలో వెల్డింగ్ నేర్పుతారంటే తల్లిదండ్రుల నుంచి సాధారణంగా రెండు ప్రశ్నలు వస్తాయి. చదువు మాన్పించి పనిలో పెడతారా అన్నది ఒకటి. పదో తరగతి సర్టిఫికెట్‌తోనే ఉద్యోగం వస్తుందా అన్నది రెండోది. ప్రభుత్వ ప్రకటనల్లో 'పరిచయం', 'నైపుణ్యం', 'ఉపాధి' అన్న మూడు మాటలూ కలిసిపోయి కనిపిస్తుండటం ఈ అయోమయానికి మూలం. మూడింటికీ కావాల్సిన సమయం వేరు, ఖర్చు వేరు.

ఈ చర్చకు కారణమైన నిర్ణయాలు ఇటీవలివే. 2025 నాటికి కనీసం 50 శాతం విద్యార్థులకు వృత్తి విద్యతో పరిచయం కలగాలని జాతీయ విద్యావిధానం లక్ష్యం పెట్టుకుంది. 19-24 ఏళ్ల కార్మికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవారు భారత్‌లో 5 శాతం లోపేనని, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమని 12వ పంచవర్ష ప్రణాళిక అంచనాలను ఆ పత్రమే ఉటంకించింది. 2025 అక్టోబర్ 4న కేంద్రం రెండు కార్యక్రమాలు ప్రారంభించింది. 1,000 ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు 60,000 కోట్ల రూపాయల పీఎం-సేతు పథకం ఒకటి. 400 నవోదయ, 200 ఏకలవ్య పాఠశాలల్లో 1,200 స్కిల్ ల్యాబ్‌లు మరొకటి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లోనే మొదలైంది.

## ఇది మొదటి ప్రయత్నం కాదు

చేతిపనిని బడిలోకి తేవాలన్న ఆలోచన 1937 నాటి వార్ధా విద్యా పథకం నుంచీ ఉంది. అక్కడ ప్రధానంగా రాట్నం, మగ్గం. 1952-53లో మొదలియార్ కమిషన్ బహుళార్థ ఉన్నత పాఠశాలలను సిఫారసు చేసింది. వాటిలో సాంకేతిక విభాగం, దానికో వర్క్‌షాప్ ఉండాలన్నది ఉద్దేశం. కొఠారీ కమిషన్ (1964-66) కూడా వృత్తి విద్య వైపే మొగ్గింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సూచనతో వచ్చిన ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని) పీరియడ్ ఒక తరానికి బాగానే గుర్తుండి ఉంటుంది. చాలా బళ్లలో అది తోటపని, కాగితం పూల దగ్గరే ఆగిపోయింది.

1986 జాతీయ విద్యావిధానం ఇంకా ముందుకెళ్లి, హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతాన్ని, 1995 నాటికి 25 శాతాన్ని వృత్తి కోర్సుల్లోకి మళ్లించాలంది. ఆ లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాలేదు. పై చదువులకు దారి మూసుకుపోతుందన్న భయం అందుకు పెద్ద కారణం. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ వొకేషనల్ విద్యార్థులకు బ్రిడ్జ్ కోర్సు (పై చదువుల అర్హత కోసం అదనంగా చదివేది) పెట్టాల్సి వచ్చింది ఆ భయం తీర్చడానికే.

అమెరికా అనుభవం మరో రకం. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టంతో అక్కడి హైస్కూళ్లలో వ్యవసాయ, పారిశ్రామిక వృత్తి విద్యకు ఫెడరల్ నిధులు వచ్చాయి. వెల్డింగ్ బూత్‌లు, లేత్‌లు ఉన్న 'షాప్ క్లాస్' దశాబ్దాల పాటు మామూలు విషయం. 1983లో ఒక జాతీయ కమిషన్ విద్యా ప్రమాణాలు పడిపోతున్నాయని హెచ్చరించాక రాష్ట్రాలు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు కోర్సులను పెంచాయి. ఐచ్ఛిక పీరియడ్లు తగ్గాయి. గదికి, కరెంటుకు, ఇన్సూరెన్సుకు ఎక్కువ ఖర్చయ్యే షాప్ క్లాసులు ముందుగా మూతపడ్డాయి. పల్లె ప్రాంతాల్లో వ్యవసాయ విద్యలో భాగంగా నడిచే వర్క్‌షాపులు మాత్రం చాలాచోట్ల నిలిచాయి. ట్రైలర్, పొలం గేటు, పశువుల దొడ్డి కంచె బాగుచేసుకోవడం ఆ ఇళ్లకు రోజువారీ అవసరం మరి.

నిలిచిన మరో పద్ధతి ఉమ్మడి కేంద్రాలు. న్యూయార్క్ రాష్ట్రంలో 1948 నుంచి, ఒహాయో, పెన్సిల్వేనియాల్లో కూడా, అనేక బడులు కలిసి ఒకే వృత్తి కేంద్రాన్ని నడుపుతాయి. విద్యార్థి సగం రోజు తన బడిలో, సగం రోజు ఆ కేంద్రంలో ఉంటాడు. ప్రతి బడికీ ఒక వర్క్‌షాప్ కట్టనక్కర్లేదు. ఉన్న ఒక్క వర్క్‌షాప్ మాత్రం రోజంతా నడుస్తుంది.

## గంటల లెక్క

వెల్డింగ్‌లో చెయ్యి తిరగడమంటే ఏమిటో చూస్తే బడికి ఎదురయ్యే ఇబ్బంది అర్థమవుతుంది. మామూలు ఆర్క్ వెల్డింగ్‌లో రాడ్ కొసకూ ఇనుముకూ మధ్య కరెంటుతో వెలిగే మంటే ఆర్క్. దాని వేడికి రాడ్ కరుగుతూ పొట్టిదవుతుంటుంది. చెయ్యి దానితోపాటు కిందికి దిగుతూ, అదే సమయంలో ఒకే వేగంతో పక్కకి జరగాలి. రాడ్ కొసకూ ఇనుముకూ మధ్య దూరం దాదాపు రాడ్ మందమంతే ఉండాలి. దూరం పెరిగితే నిప్పు చిందులు ఎక్కువై అతుకులో గాలి గుంటలు మిగులుతాయి. తగ్గితే రాడ్ అతుక్కుపోతుంది. నల్ల అద్దంలోంచి కరిగిన ఇనుమేదో, దాని మీద తేలే స్లాగ్ (రాడ్ పూత కరిగి ఏర్పడే మడ్డి) ఏదో విడిగా గుర్తుపట్టడం కంటికి అలవాటు కావాలి. ఇవేవీ పుస్తకంతో రావు. ఆర్క్ వెలుగుతూ ఉన్న సమయంలోనే వస్తాయి.

తొమ్మిది, పది తరగతుల్లో వృత్తి సబ్జెక్టుకు ఏడాదికి సుమారు 200 గంటలు కేటాయిస్తారు. అందులో సగం ప్రాక్టికల్ అనుకుందాం. 25 మంది విద్యార్థులు, 5 మిషన్లు ఉంటే ఒక్కొక్కరికి మిషన్ దగ్గర 20 గంటలు దక్కుతాయి. ఆ 20 గంటలూ ఆర్క్ వెలగదు. జాబ్ (అతికించాల్సిన వస్తువు) అమర్చాలి, ట్యాక్ (ముక్కలు కదలకుండా ముందు పెట్టే చిన్న అతుకు) వేయాలి, స్లాగ్ కొట్టాలి, బ్రష్ చేయాలి, మాస్టారు చూసి తప్పు చెప్పాలి. నాలుగో వంతు సమయం ఆర్క్ వెలిగిందనుకున్నా తేలేది 5 గంటలు. రెండేళ్లకు 10.

ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. మొత్తం 1,200 గంటల్లో 840 ట్రేడ్ ప్రాక్టికల్‌కే. 20 మంది బ్యాచ్‌కు అవే 5 మిషన్లు పెట్టి లెక్కేసినా ఒక్కొక్కరికి 210 గంటలు, అందులో ఆర్క్ సమయం 50 గంటల పైమాటే. గ్యాస్ కటింగ్‌కు, ఇతర పద్ధతులకు కొంత పోయినా తేడా పూడేది కాదు. ఇది ఒక అంచనా లెక్కే. మిషన్ల సంఖ్య మారితే అంకెలు మారతాయి, నిష్పత్తి పెద్దగా మారదు.

ఇక ఖర్చు. 3.15 మిల్లీమీటర్ల మందం, 350 మిల్లీమీటర్ల పొడవున్న రాడ్ ఒక నిమిషం పైచిలుకులో అయిపోతుంది. గంట ఆర్క్‌కు సుమారు 50 రాడ్లు. పై లెక్కలోని 25 మందికి ఏడాదిలో 6,000 రాడ్ల పైన కావాలి. అంటే దాదాపు 190 కిలోలు. వాటిని వేయడానికి ప్లేట్లు, యాంగిళ్లు, కటింగ్ వీళ్లు, గ్లవ్స్, నల్ల అద్దం పగలకుండా ముందుపెట్టే తెల్ల అద్దాలు అదనం. 110 ఆంపియర్ల దగ్గర ఒక్కో మిషన్ సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది కనుక ఐదూ ఒకేసారి నడిస్తే 15 కిలోవాట్లు. ఫ్యాన్లు, లైట్లు, ఒక మోటారు కోసం ఇచ్చిన బడి కనెక్షన్ ఆ భారం మోయలేదు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్ల స్థానంలో చేత్తో మోసుకెళ్లగల ఇన్వర్టర్ మిషన్లు వచ్చాక మిషన్ కొనడం పెద్ద సమస్యగా లేదు. చిక్కంతా ఏటా పెట్టాల్సిన ఖర్చుతోనే. పథకాల్లో పరికరాలకు ఒకసారి నిధులు వస్తాయి. రాడ్లకు ప్రతి ఏడూ రావాలి. మిషన్ల ప్రారంభోత్సవం ఫోటో పేపర్లో పడుతుంది, రాడ్ల బిల్లు పడదు. అందుకే చాలా వర్క్‌షాపుల్లో మిషన్ ఉన్నా రాడ్లు లేక బోర్డు మీద బొమ్మ గీసి పాఠం ముగించే పరిస్థితి వస్తుంది. నేర్పేవాళ్ల సంగతీ ఇలాగే ఉంది. కేంద్ర పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్షా కింద అనేక రాష్ట్రాల్లో వృత్తి శిక్షకులను ప్రైవేటు శిక్షణ సంస్థల ద్వారా కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారు. బయట సైట్లో మంచి కూలి దొరికే వెల్డర్ తక్కువ జీతానికి బడిలో ఎంతకాలం ఉంటాడన్నది ఊహించడం కష్టమేమీ కాదు.

## ఆటోనగర్‌లో నేర్చుకునే తీరు

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ ఎక్కువమంది వెల్డింగ్ నేర్చుకునేది బడిలోనూ కాదు, ఐటీఐలోనూ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్లలోని చిన్న యూనిట్లు, ప్రతి మండల కేంద్రంలోనూ ఉండే గ్రిల్స్, షట్టర్ల షాపులే అసలు బడులు. కుర్రాడు హెల్పర్‌గా చేరతాడు. మొదట జాబ్ పట్టుకోవడం, గ్రైండింగ్. తర్వాత ట్యాకింగ్. మేస్త్రీకి నమ్మకం కుదిరాక ఫుల్ వెల్డింగ్.

ఈ పద్ధతికి ఉన్న బలం గంటలు. రోజంతా ఆర్క్ పక్కనే ఉంటాడు కాబట్టి వేగం, ధైర్యం త్వరగా వస్తాయి. రాడ్లకు కస్టమర్ డబ్బు కడుతున్నాడు కాబట్టి శిక్షణ ఖర్చు విడిగా కనిపించదు. లోపం ఏమిటంటే ఆ షాపులో జరిగే పనే వస్తుంది. గేట్లు చేసే షాపులో పెరిగినవాడికి పైపు జాయింట్ రాదు. ఏ ఇనుముకు ఏ రాడ్ వాడాలి, లో-హైడ్రోజన్ రాడ్లను ఓవెన్‌లో వేడిచేసి తేమ తీసేశాకే ఎందుకు వాడాలి, డ్రాయింగ్‌లో వెల్డ్ గుర్తును ఎలా చదవాలి అన్నవి చెప్పే తీరిక మేస్త్రీకి ఉండదు. కొన్నిసార్లు ఆయనకూ తెలియదు. నల్ల అద్దం లేకుండా, కళ్లు చికిలించి ట్యాక్ వేయడం నేర్చుకునేదీ అక్కడే.

షాపులో దొరకనిది బడి ఇవ్వగలదా అన్నది అసలు ప్రశ్న. గంటల విషయంలో బడి షాపుతో పోటీపడలేదు. పడాల్సిన అవసరమూ లేదు.

## ఆర్క్ కంటే ముందున్న పని

ఒక కిటికీ ఫ్రేమ్ తయారీలో వెల్డింగ్ చివర్లో వచ్చే చిన్న భాగం. దానికి ముందు కొలత తీసుకోవాలి, డ్రాయింగ్ గీయాలి, ఇనుము లెక్కగట్టాలి, మార్క్ చేయాలి, కోయాలి, 45 డిగ్రీల మూలలు కలపాలి, మట్టం చూడాలి. చాలా జాబ్‌లు పాడయ్యేది ఈ దశల్లోనే. కటింగ్ వీల్ మందాన్ని వదలకుండా మార్క్ చేస్తే ప్రతి ముక్కా కాస్త పొట్టిదవుతుంది. మూలమట్టం ఒక్కదాన్నే నమ్ముకుని రెండు కర్ణాలూ కొలిచి చూడకపోతే ఫ్రేమ్ గుమ్మంలో కూర్చోదు.

ఈ పనికి కావాల్సిన లెక్కలు తొమ్మిది, పది తరగతుల సిలబస్‌లోనే ఉన్నాయి. మూల సరిచూసే 3-4-5 పద్ధతి పైథాగరస్ సిద్ధాంతమే. సైట్లో గుండ్రని కడ్డీ బరువు కట్టే సూత్రం మిల్లీమీటర్లలో వ్యాసం వర్గాన్ని 162తో భాగించడం. 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.89 కిలో. ఈ 162 ఎక్కడి నుంచి వచ్చిందో వృత్తం వైశాల్యం, ఉక్కు సాంద్రత (ఘనపు మీటరుకు 7,850 కిలోలు) తెలిసిన విద్యార్థి తానే రాబట్టగలడు. ఉక్కు వేడికి సాగడం భౌతికశాస్త్ర పాఠం. మీటరు పొడవున్న ముక్క 100 డిగ్రీల వేడికి సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. వెల్డింగ్‌లో వేడి ఒకే పక్క తగులుతుంది కనుక చల్లారాక ఆ పక్క కుంచించుకుని ఫ్రేమ్ వంగుతుంది. ముందు నాలుగు మూలలా ట్యాక్ వేసి, తర్వాత ఎదురెదురు మూలల్లో మార్చి మార్చి వెల్డ్ చేయడం వెనక కారణం ఇదే.

ఇవన్నీ నేర్పడానికి ఏడాదికి వంద ప్రాక్టికల్ గంటలు చాలు. స్కేలు, మూలమట్టం, స్క్రైబర్, హాక్సా, ఆకురాయి, డ్రిల్, రివెట్ గన్ కరెంటు బిల్లును పెంచవు. రేకు వంచి రివెట్ కొట్టి పెట్టె చేయవచ్చు. బోల్టులతో యాంగిల్ స్టాండ్ బిగించవచ్చు. వెల్డింగ్‌ను పదో తరగతిలోనో ఇంటర్‌లోనో కొద్దిమంది చొప్పున, చదునుగా ఉన్న ప్లేటు మీద పరిచయం చేస్తే సరిపోతుంది. జర్మనీలో కూడా లోహ నిర్మాణ వృత్తులకు మూడున్నరేళ్ల అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాల, మిగతా రోజులు కంపెనీ. అందులో వెల్డింగ్ ఒక భాగం. ఆకురాయి, కొలత పనులతో శిక్షణ మొదలవుతుంది.

వర్చువల్ వెల్డింగ్ సిమ్యులేటర్ల గురించి కూడా ఈ మధ్య వినిపిస్తోంది. చేతి కోణం, వేగం అలవాటు చేయడానికి అవి పనికొస్తాయి, రాడ్లు మిగులుతాయి. వేడి, పొగ, చిందుల మధ్య చెయ్యి నిలకడగా ఉంచడం మాత్రం వాటితో రాదు. ఒక సిమ్యులేటర్ కొనేముందు ఆ డబ్బుకు ఎన్నేళ్ల రాడ్లు వస్తాయో లెక్కేసుకోవడం మంచిది.

బడిలో విరిగిన బెంచీలు, సైకిల్ స్టాండ్లు బాగుచేయించడం మరో మార్గం. నిజమైన జాబ్ దొరుకుతుంది, సామాను వృథా కాదు. అది శిక్షణగా ఉన్నంతవరకే బాగుంటుంది. బయటి ఆర్డర్లు తెచ్చి పిల్లలతో చేయించడం మొదలైతే కూలీ ఇవ్వని కార్ఖానా అవుతుంది.

## కళ్లు, ఊపిరితిత్తులు, వయసు

ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. బాధ అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత, తరచు రాత్రిపూట, కంట్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. వెల్డింగ్ చేసేవాడికంటే పక్కన నిలబడి చూసే విద్యార్థులకే ఈ ముప్పు ఎక్కువ, వాళ్ల చేతిలో షీల్డ్ ఉండదు కాబట్టి. బూత్‌ల మధ్య తెరలు తప్పనిసరి. జింక్ పూత ఉన్న జీఐ పైపును వెల్డ్ చేస్తే ఆ పొగతో చలి, జ్వరం వస్తాయి. వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేరుస్తున్నట్టు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో ప్రకటించింది. గాలాడని గదిలో 25 మందికి ప్రాక్టికల్ పెట్టడం అందుకే తగదు.

మన బళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంకోటి ఉంది. పాలిస్టర్ కలిసిన యూనిఫాం మీద నిప్పురవ్వ పడితే గుడ్డ కరిగి చర్మానికి అంటుకుంటుంది. చాలామంది పిల్లల కాళ్లకు చెప్పులే ఉంటాయి. కాటన్ ఏప్రాన్, తోలు గ్లవ్స్, మూసి ఉండే బూట్లు ఇవ్వకుండా మిషన్ ఆన్ చేయకూడదు. వానాకాలంలో తడిసిన నేల మీద, చెమట పట్టిన చేతులతో 50-80 వోల్టుల హోల్డర్ పట్టుకోవడం కూడా తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

చట్టం వైపు నుంచి మరో పరిమితి ఉంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14-18 ఏళ్లవారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదంటోంది. 2014లో సవరించిన అప్రెంటిస్ చట్టం ప్రకారం ప్రమాదకర పరిశ్రమలకు చెందిన ట్రేడుల్లో అప్రెంటిస్‌కు 18 ఏళ్లు నిండాలి. బడిలో నేర్పడం ఉద్యోగం కిందికి రాదు. 'ఆన్ ది జాబ్ ట్రైనింగ్' పేరుతో పదిహేనేళ్ల విద్యార్థిని ఫ్యాబ్రికేషన్ యార్డుకు పంపితే మాత్రం ఆ గీత పలచబడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌తో నేరుగా ఉద్యోగం అన్న ఆశ ఇక్కడే ఆగుతుంది. పదహారేళ్లవాడు కనీసం మరో రెండేళ్లు ఎక్కడో చదవాలి.

## సర్టిఫికెట్ కంటే టెస్ట్ ప్లేటు

వెల్డింగ్ ఉద్యోగాల మార్కెట్ మిగతా రంగాలకు భిన్నంగా నడుస్తుంది. ఎక్కడ చదివారన్నదానికంటే ఆ రోజు పరీక్షలో అతికించిన ముక్క వంచితే పగిలిందా, ఎక్స్‌రేలో లోపం కనిపించిందా అన్నదే తేలుస్తుంది. బాయిలర్ పనులకు ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనలు) అర్హత ఉన్న వెల్డర్ కావాలి. ఉక్కు నిర్మాణాల వెల్డింగ్‌కు అమెరికా ప్రమాణమైన డీ1.1 ప్రకారం ఆరు నెలలకు మించి ఆ పద్ధతిలో పని చేయకపోతే అర్హత పోతుంది. వెల్డర్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 9606 ప్రకారం కూడా ఆరు నెలలకోసారి ధ్రువీకరించాలి. చెయ్యి వాడకపోతే నైపుణ్యం తగ్గుతుందని ఆ ప్రమాణాలే ఒప్పుకుంటున్నాయి.

గల్ఫ్ రిఫైనరీలకు వెళ్లే తెలుగువాళ్లకు ఇది బాగా తెలుసు. ఉద్దానం నుంచి, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లేవారిలో వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఉంటారు. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపును చుట్టూ వెల్డ్ చేసే '6జీ' పరీక్ష నెగ్గినవాడికి, నేలమీద ప్లేటు అతికించగలవాడికి కూలిలో పెద్ద తేడా ఉంటుంది. ఆ తేడా బడిలో పుట్టేది కాదు. వరుస పెట్టి ఒకే జాయింట్ వేసే ఫ్యాక్టరీ లైన్లలో రోబోలు వెల్డర్ల స్థానంలోకి వస్తున్నా, సైట్ మీద పైపు, మరమ్మతు పనుల్లో ఈ తరహా నైపుణ్యానికి గిరాకీ తగ్గే సూచన ఇప్పట్లో లేదు.

## ముందు ఏం జరగవచ్చు

పీఎం-సేతులో 200 ఐటీఐలు హబ్‌లు (ప్రధాన కేంద్రాలు), 800 వాటికి అనుబంధాలు. జాతీయ విద్యావిధానం కూడా పాఠశాలల స్కిల్ ల్యాబ్‌లకు హబ్ పద్ధతినే సూచించింది. ఈ రెండూ కలిస్తే అమెరికా ఉమ్మడి కేంద్రాలకు దగ్గరి రూపం వస్తుంది. చుట్టుపక్కల హైస్కూళ్ల పిల్లలు వారానికో రోజు ఐటీఐ వర్క్‌షాపుకు వెళ్లవచ్చు. త్రీఫేజ్ కరెంటు, బూత్‌లు, పొగ లాగే ఏర్పాట్లు, ఇన్‌స్ట్రక్టర్లు ఉండేది అక్కడే. బస్సు ఖర్చు ఎవరు పెట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనిపించినా, పథకం నడుస్తుందా లేదా అన్నది దానిమీదే తేలవచ్చు. ఆడపిల్లలకు రాకపోకల భద్రత, అక్కడ మరుగుదొడ్డి లేకపోతే ఈ ట్రేడు మళ్లీ మగపిల్లలదే అవుతుంది.

రెండో విషయం క్రెడిట్లు. 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేంవర్క్ ప్రకారం 30 గంటల చదువు ఒక క్రెడిట్. బడిలో గడిపిన 200 గంటలు ఆరేడు క్రెడిట్లవుతాయి. వాటిని ఐటీఐ తన 1,200 గంటల్లో లెక్కలోకి తీసుకుంటే, కొలత, మార్కింగ్, కటింగ్ ఇప్పటికే వచ్చిన విద్యార్థి మొదటి వారాల్లోనే ఆర్క్ దగ్గరికి వెళ్తాడు. తీసుకోకపోతే మళ్లీ హాక్సాతోనే మొదలుపెట్టాలి. అప్పుడు ఎనిమిదో తరగతి పాసై నేరుగా ఐటీఐలో చేరినవాడికీ, రెండేళ్లు బడిలో ఈ సబ్జెక్టు చదివి వచ్చినవాడికీ కోర్సు పరంగా తేడా ఉండదు.